గిర్ని నవలకు నేను పెట్టిన వంకలు

నాకు నచ్చిన వస్తువును నేను ఏనాడూ మెచ్చుకోలేదు. గొప్పకు చెప్పడం లేదు, అలవాటు అది. చంద్రపూర్‌లో మాది బట్టల దుకాణం. తాత పెట్టాడు, నాన్న పెంచాడు, నేను కూర్చున్నాను. సరుకు కొనడానికి వెంట తీసుకెళ్లినప్పుడు నాన్న నేర్పిన మొదటి పాఠం ఇదే: బట్ట తాను నచ్చిందా, ముందు అంచు చూసి ముఖం చిట్లించు. రంగు నిలవదను. పన్నా, అదే వెడల్పు, తక్కువను. నచ్చలేదా, "చాలా బాగుంది, మళ్లీ వస్తాం" అని చెప్పి చెప్పులు వేసుకో. అవతల కూర్చున్న వ్యాపారి కూడా ఈ బడిలో చదివినవాడే. మేం తిడుతున్నంతసేపూ చాయ్ మీద చాయ్ తెప్పిస్తాడు. "బాగుంది" అన్నామా, ఆ మాట పూర్తికాకముందే విప్పిన తాన్లు చుట్టేస్తాడు.

ఈ విద్యతో నేను ఓ నవలను దాదాపు చంపేశాను. నా నవల కాదు, ఇంకొకామెది. నేర పరిశోధన నవలల్లో నన్ను అంతగా పట్టి కూర్చోబెట్టింది మరొకటి లేదు. నేను దాన్ని చంపబోయింది కూడా అందుకే.

నవలల గోల నాకు ఎలా అంటుకుందో ముందు చెప్పాలి. మా బడి మరాఠీ, బజారు హిందీ, ఇల్లు మాత్రం తెలుగు. అక్షరాలు నాయనమ్మ నేర్పింది. చదువుకోవడానికి పుస్తకాలు నాన్న తెచ్చేవాడు. వరంగల్ వెళ్లినప్పుడల్లా పాత పుస్తకాలవాడి ముందు గొంతుక్కూర్చుని డిటెక్టివ్ నవలలు ఏరేవాడు. ఏరడమంటే కథ చూసి కాదు, చివరి పేజీ చూసి. చివరి పేజీలు చిరిగిపోయినవే పక్కన పెట్టుకునేవాడు. "హంతకుడే లేని పుస్తకానికి పూర్తి ధర ఎట్లిస్త?" అని బేరం మొదలుపెట్టేవాడు. అలా మా ఇంటికి వచ్చిన పుస్తకాలన్నిట్లోనూ హత్య జరిగేది, అనుమానాలు పెరిగేవి, డిటెక్టివ్ అందరినీ హాల్లోకి పిలిచేవాడు, అక్కడితో పుస్తకం అయిపోయేది.

ఇక హంతకుణ్ణి పట్టుకునే పని మాది. భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ వాదించుకునేవాళ్లం. నాన్న తీర్పు మాత్రం ఎప్పుడూ ఒకటే. "ఎవడు అందరికన్న మర్యాదగ మాట్లాడిండో వాడే." పెద్దయ్యాక పూర్తి పుస్తకాలు దొరికి చూసుకుంటే, నాన్న లెక్క సగానికి పైగా సరిపోయింది. కథ ఎలా అల్లుతారో నాకు కొంచెమైనా తెలిసిందంటే ఆ చిరిగిన పేజీల వల్లే. ముగింపు చేతికి అందనివాడు, మొదట్లో పడేసిన ప్రతి గింజనూ ఏరుకుంటాడు.

ఇప్పుడు నేను ప్రతి ఆదివారం ఓ నవల గురించి ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసి, మా తెలుగువాళ్ల గ్రూపులో పెడతాను. రాయను, మాట్లాడతాను. ఎందుకంటే మా వైపు తెలుగు ధారాళంగా మాట్లాడేవాళ్లలో పదిమందికి ఒకరో ఇద్దరో చదవగలరు. డిటెక్టివ్ కథలు, దయ్యాల కథలు, నిధుల వేటలు, ఇవే నా సరుకు. పెద్ద సాహిత్యం జోలికి పోను. దానికి నాకన్నా ఖరీదైన మనుషులున్నారు.

ఈ సమీక్షల్లో నేను పంచే సలహాలన్నీ దుకాణంలోంచి ఎత్తుకొచ్చినవే. మొదట చూపించే చీర అమ్మడానికి కాదు, గిరాకీ కన్ను ఎటు పోతుందో చూడటానికి. కథలో మనకు మొదట అనుమానం వచ్చే మనిషి కూడా అంతే. తాను మొత్తం ఒకేసారి విప్పితే మళ్లీ చుట్టాల్సింది నువ్వే. అందుకని నాయకుడి వంశచరిత్ర మొదటి అధ్యాయంలోనే విప్పకు, ఒక గజం చూపించు. దయ్యం కథ రాస్తే దయ్యం కన్నా ముందు తలుపు గురించి రాయి. ఆ తలుపు రోజూ ఎలా మూసుకుంటుందో తెలిసినవాడికే, ఒకరోజు అది వేరేలా మూసుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. మెచ్చుకోవలసి వచ్చినప్పుడే నాలోని దుకాణందారు లేచి కూర్చుంటాడు. పనికిరాని నవలైతే రెండు నిమిషాల్లో "చక్కగా ఉంది, అందరూ చదవచ్చు" అని ముగిస్తాను. నవల మనసుకు పట్టిందా, పావుగంట వంకలు పెడతాను. గ్రూపులో సగంమంది వ్యాపారస్తులే కాబట్టి నా మాట వాళ్లకు అర్థమైపోతుంది. "సేటు ఇయ్యాల మస్తు తిట్టిండు, పుస్తకం తెప్పించాలె" అని రాసుకుంటారు. ఈ గుట్టు లోకమంతటికీ తెలుసుననే అనుకున్నాను.

ఆమె ఓ ఎండాకాలం పొద్దున దుకాణానికి వచ్చింది. విరూర్ దగ్గరి ఊరు, సేద్యం చేసే కుటుంబం, ఊళ్లో పిండి గిర్ని నడుపుతుంది. యాభై దాటి ఉంటాయి. ఇంట్లో పెళ్లికి చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలు కావాలంది. ధర చెప్పాను. "సరే, ఇయ్యి" అంది. అంతే. నేను నోరు తెరుచుకుని చూశాను. బేరం చేయని గిరాకీ వస్తే మా మనసుకు ఏదో వెలితి, వండిన కూర ఎవరో రుచి చూడకుండానే మింగేసినట్టు. ఆ క్షణాన్ని గుర్తుపెట్టుకుని ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

చీరలు కట్టిస్తుంటే ఆమె నన్నే చూస్తోంది.

"నువ్వేనా సేటూ, ఫోన్ల కథలను తిట్టేటోనివి?"

"తిట్టడం కాదక్కా, సమీక్ష."

"గదే. కరెంటు పోయి గిర్ని ఆగినప్పుడల్ల ఇంట. నీ గొంతు నాకెర్కనే."

గల్లా దగ్గర కూర్చున్న నా భార్య నవ్వు ఆపుకోలేదు. "గిర్ని ఆగితే ఈయన మొదలైతడన్నట్టు."

ఆమె సంచిలోంచి లావుపాటి నోటుబుక్కు తీసింది. "నేను గూడ ఒకటి రాసిన. గీ వహీల ఉన్నది. ఖూనీ కథ. మంచిగుంటే చెప్పు, తెలుగు అక్షరాలల్ల నువ్వే ఎక్కియ్యాలె. నాకు మాట అస్తది గని రాత రాదు."

తెరిచి చూస్తే మరాఠీ అక్షరాలు. చదవబోతే మరాఠీ కాదు. ఆమె బడిలో నేర్చుకున్న అక్షరాల్లో ఇంట్లో మాట్లాడే తెలుగును రాసుకుంది. మనసులో చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. పైకి చదివితే పక్కింటి మనిషి మాట్లాడినట్టు ఉంది. కన్ను ఒక భాషను చూస్తుంది, చెవి ఇంకో భాషను వింటుంది. అందుకని పైకే చదివాను. చంద్రపూర్ ఎండలకు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బజార్లో కుక్క కూడా తిరగదు. ఆ నాలుగు గంటలూ నేను చదువుతుంటే, నా భార్య తాన్ల మీద పడిన గనుల బొగ్గు దుమ్ము దులుపుతూ వినేది. మూడో రోజుకు దులపడం మానేసి వినేది.

కథ ఇది. జివతి గుట్టల్లో రెండు రాష్ట్రాలూ మాదంటే మాదనే ఊరు. హద్దు కొలవడానికి వచ్చిన సర్వేయరు ఊరి బావిలో శవమై తేలుతాడు. బావి సగం ఇటు, సగం అటు. ఇటు పోలీసులు వచ్చి అటువాళ్ల కేసంటారు, అటు పోలీసులు వచ్చి ఇటువాళ్ల కేసంటారు. ఊరి పంచాయతీ పెద్ద మొదలుకొని ప్రతి ఇంటివాళ్లూ ఆ సర్వేయరును తాము చూడనేలేదంటారు. ఇక అడిగేవాళ్లు లేరు. అప్పుడు అడగడం మొదలుపెడుతుంది ఊళ్లో గిర్ని నడిపే ముసలమ్మ.

ఆ ముసలమ్మ ఎవరి ఇంటికీ వెళ్లదు. అందరూ గింజలు పట్టుకుని ఆమె దగ్గరికే వస్తారు. ఇద్దరున్న ఇంటివాళ్లు నలుగురికి సరిపడా జొన్నలు తెస్తే, ఆ ఇంట్లో ఎవరో ఉన్నారని ఆమెకు తెలుసు. శనగలు ఎవరు పట్టించారు, వాళ్ల వెనక వరుసలో ఎవరు నిలబడ్డారు, గోధుమలు తెచ్చినామె మిరపకాయలు పట్టించినామె వెనక నిలబడనని ఎందుకు కొట్లాడింది, ఇదంతా ఆమెకు నోటి లెక్క. చచ్చిపోయినవాడి సంచిలో సగం తిన్న జొన్నరొట్టె దొరుకుతుంది. ముసలమ్మ దాన్ని తుంచి వాసన చూస్తుంది. జొన్నలో రవ్వంత శనగ. గిర్నిలో ముందువాళ్ల పిండి కొంచెం తర్వాతవాళ్ల పిండిలో కలుస్తుంది కదా. ఆ రోజు శనగల వెనక జొన్నలు పట్టించింది ఊళ్లో ఒక్కటే ఇల్లు. ఆ మనిషిని చూడనే లేదని ఒట్టు పెట్టుకున్న పంచాయతీ పెద్ద ఇల్లు.

అక్కడికి వచ్చేసరికి నా భార్య చేతిలోని గుడ్డ కింద పడేసింది. నేను పుస్తకం మూసి, కాసేపు ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లలో నేను చదివిన డిటెక్టివులందరూ భూతద్దాలు పట్టుకున్నవాళ్లు, సిగరెట్ పీకలు ఏరినవాళ్లు. రొట్టె వాసన చూసి నన్ను హంతకుడి గుమ్మం ముందు నిలబెట్టినవాళ్లు లేరు.

"ఆమెకు ఫోన్ జేసి చెప్పుండ్రి" అంది నా భార్య.

"వచ్చినప్పుడు చెప్తా" అన్నాను. సరుకు నచ్చినట్టు ముందే తెలిస్తే ఎలా?

వారానికి ఆమె వచ్చింది. స్టూలు అంచున కూర్చుంది. నేను చాయ్ తెప్పించాను. నోటుబుక్కు తెరిచి, ముఖం చిట్లించాను.

"శవం చాలా ఆలస్యంగా తేలిందక్కా. మొదటి వాక్యంలోనే తేలాలి. గిర్ని ముచ్చట్లు మరీ ఎక్కువ, ఆరు అధ్యాయాలు పిండే. చదివేవాళ్లు దగ్గుతారు. ఇంకోటి, ముసలమ్మ పరిశోధన చేస్తే ఎవరు నమ్ముతారు? పట్నం నుంచి చురుకైన పోలీసాయన ఒకర్ని తెప్పించాలి. భాష కూడా కొంచెం శుభ్రం చేయాలి."

నా లెక్క ప్రకారం ఆమె ఇప్పుడు కళ్లెర్రజేయాలి. "పిండి గురించి నీకేం తెల్సు సేటూ" అనాలి. నేను ఒక అధ్యాయం ఒప్పుకోవాలి, ఆమె ఒక పేజీ వదులుకోవాలి, మూడో చాయ్ దగ్గర ఇద్దరం నవ్వుకోవాలి, నేను కలం తీసి తెలుగు అక్షరాల్లో మొదటి వాక్యం ఎక్కించాలి. ఆమె మాత్రం సంచిలోంచి పెన్సిల్ తీసి, నోటుబుక్కు చివరి అట్ట లోపల నా వంకలన్నీ వరసగా రాసుకుంది.

"ఇంకేమన్న ఉన్నయా?"

"ఇప్పటికి ఇవే."

"సరే సేటూ" అని నోటుబుక్కు సంచిలో పెట్టుకుని లేచింది.

చాయ్ సగం మిగిలింది. నా భార్య నన్ను ఓ చూపు చూసింది. నేను "మళ్లీ వస్తుందిలే, బేరంలో ఒకసారి లేచిపోవడం ఉంటది" అన్నాను. గిరాకీ లేచి గడప దాటబోతే వెనక్కి పిలవడం మా వీధిలో రోజుకు పదిసార్లు జరిగే పని. ఆమెను మాత్రం పిలవలేదు. పిలిస్తే నేను ఓడినట్టు.

తొలకరి పడ్డాక ఆమె ఊరి మనిషి ఒకాయన కొత్త నోటుబుక్కు తెచ్చి ఇచ్చాడు. వెంట ఫోన్‌కు ఆమె మాట కూడా వచ్చింది. "నువ్వు చెప్పినట్టే జేసిన సేటూ. ఇప్పుడు సూడు."

మొదటి వాక్యంలోనే శవం తేలింది. రెండో పేజీలో పట్నం నుంచి పోలీసాయన జీపులో దిగాడు. భాష ఎంత శుభ్రమైందంటే, ఆ మాటలు మా వైపు ఎవరి నోటా నేను వినలేదు. గిర్ని ఒక్కచోట వచ్చింది: "ఊరిలో ఒక పిండి మర కలదు." ముసలమ్మ లేదు. రొట్టె లేదు. హంతకుడు తన తప్పు తానే ఒప్పుకుని ఏడ్చాడు. నేను చెప్పిన ప్రతి వంకనూ సరిదిద్దిన నవల అది. అచ్చం నేను రెండు నిమిషాల్లో మెచ్చుకుని పక్కన పెట్టే నవల.

వింటున్న నా భార్య మధ్యలోనే లేచింది. "ఏమైంది, వినవా?" అన్నాను.

"ఏం ఇనాలె? ముసల్దాన్ని సంపిన హంతకుడు ఎవడో నాకు ఎర్కనే. అందరికన్న మర్యాదగ కూసోని చాయ్ తాపిండు."

ఆ మాట మా నాన్న తీర్పు కన్నా సూటిగా తగిలింది.

మర్నాడు పొద్దున ప్యాసింజరు ఎక్కి విరూర్‌లో దిగాను. అక్కడినుంచి ఆటో. దారి పొడవునా పత్తి మొలకలు. ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాను. అన్నీ "బాగుంది, కాని" అనే తీరులోనే వచ్చాయి. ఆ "కాని" లేకుండా ఒక్క వాక్యం తయారుచేయడానికి నాకు రాజూరా తాలూకా సగం పట్టింది.

గిర్ని రేకుల షెడ్డు. కరెంటు లేదు. గోడవారగా గింజల సంచులు, డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి మనుషులు బయట వేపచెట్టు కింద కూర్చున్నారు. ఆమె గిర్ని రాయి పక్కన పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"ఏంది సేటూ, గింత దూరమచ్చినవ్? ఇంకేమన్న తప్పులున్నయా?"

"అక్కా, మొదటి నవల ఏది? అది కావాలి."

"ఎందుకు? గది మంచిగలేదంటివి గదా."

"మంచిగ లేదని కాదు. అది నా అలవాటు. మా దుకాణాల్లో నచ్చినదాన్నే తిడతాం. తిట్టానంటే కొంటానని అర్థం. మీరు కూడా నాలుగు మాటలు అనాల్సింది."

ఆమె కొంగుతో చేతులకు అంటిన పిండి తుడుచుకుంది. తర్వాత అడిగింది, కోపం లేకుండానే.

"సేటూ, మేం పత్తి దీస్కోని బజారుకు పోతం. గాడ కొనేటోడు చెయ్యి బెట్టి, తేమ ఉన్నదంటడు, నల్లగున్నదంటడు, గింజ సన్నమంటడు. నేను నాలుగు మాటలంటే ఏమైతది? 'వాపస్ దీస్కపో' అంటడు. బండి కిరాయి ఎవలిస్తరు? వాడు చెప్పిందే ధర. వంకలు బెట్టుడు నీకు ఆట. మాకు గది తీర్పు."

వరసగా పెట్టిన సంచుల వైపు చూస్తూ నిలబడ్డాను. నాన్న నేర్పిన విద్య అంతా, అవతలివాడు కూడా గద్దె మీద దిండుకు ఆనుకుని కూర్చున్నప్పుడే విద్య. అవతలి మనిషి స్టూలు అంచున కూర్చుంటే దానికి వేరే పేరు ఉంది. ఇన్ని నవలల్లో హంతకుణ్ణి ముందే పసిగట్టానని మురిసిపోయినవాడికి ఇది తోచలేదు.

"ఆ ఆరు అధ్యాయాలు ఉన్నాయా?" అన్నాను.

"చింపి పొయ్యిల బెట్టిన. పనికిరానివి ఎందుకు?"

అక్కడే జొన్నల సంచి మీద కూర్చున్నాను. బయటినుంచి ఓ ముసలాయన "ఏ, గది నా సంచి" అని అరిచాడు. లేచి ఇంకోదాని మీద కూర్చున్నాను.

"నాకు గుర్తున్నాయి" అన్నాను.

"ఏం గుర్తున్నది?"

చెప్పడం మొదలుపెట్టాను. తెల్లవారి ముసలమ్మ గిర్ని తలుపు తీయడం, రాయి మీద చెయ్యి పెట్టి రాత్రి తేమ పట్టిందో లేదో చూడటం, మొదటి గిరాకీ గింజలు పోసేముందు తన కొంగులోంచి పిడికెడు జొన్నలు తీసి పోసి రాయిని కడిగినట్టు చేయడం.

"గట్ల నేను రాయలే" అంది ఆమె.

"రాశారక్కా."

"నా కథ నాకు తెల్వదా? పిడికెడు జొన్నలు ఆమె ఎందుకు పోస్తది? గట్ల పోస్తే ముందోళ్ల పిండి కొట్కపోతది. ఇంక రొట్టెల శనగ ఎట్లస్తది?"

నిజమే. ఎక్కడో నా తలలో పుట్టిన పిడికెడు అది. తప్పు ఒప్పుకుని ముందుకు సాగాను. మిరపకాయల గొడవ చెప్పాను. ఆమె మళ్లీ ఆపింది, గోధుమలు తెచ్చి గొడవపడింది ఆ ఇంటి చిన్న కోడలు కాదు, పెద్ద కోడలు. నలుగురికి సరిపడా జొన్నలు తెచ్చిన ఇంటి సంగతి చెప్పాను. "గాడ ఇంకోటున్నది, నువ్వు ఇడిసిపెట్టినవ్" అని ఆమె అందుకుంది. బయట కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే గుమ్మం దగ్గరికి జరిగారు. రొట్టె దగ్గరికి వచ్చేసరికి చెబుతున్నది ఆమె, వింటున్నది నేను. నా జేబులోని కలం ఎప్పుడు ఆమె చేతిలోకి పోయిందో తెలియదు, గింజల చీటీల వెనక ముక్కలు ముక్కలుగా రాసుకుంటోంది.

అంతలో కరెంటు వచ్చింది. మోటారు పట్టా కదిలింది, షెడ్డంతా గడగడమంది. నేను ఆ ఒక్క వాక్యం ఇంకా చెప్పనేలేదు. రాజూరా తాలూకా సగం పట్టిన వాక్యం.

"అక్కా, నవల బాగుంది!" అన్నాను.

"ఆ?"

"బాగుంది! చాలా బాగుంది!"

"ఇనబడ్తలే సేటూ!"

ఊపిరంతా పట్టి అరిచాను. "నేను ఇంత మంచి కథ చదవలేదు!"

గుమ్మంలోని జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. సంచి ముసలాయన ఆమెతో, "గాయన గొంతు ఎందుకు చింపుకుంటుండు? పిండి గిట్ల తక్వైందా?" అని అడిగాడు. ఆమె ముఖం తిప్పుకుని గింజలు పోసింది. నవ్వుతోందో లేదో పిండి దుమ్ములో కనపడలేదు.

బయలుదేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చి అంది. "మళ్ల రాస్త. ఒక్క షరతు. ఆదివారం ఫోన్ల గూడ గిదే చెప్పాలె. 'కాని' అనొద్దు."

ఆదివారం అలాగే చెప్పాను. విరూర్ వైపు ఒకామె నేర పరిశోధన నవల రాస్తోందని, అది చాలా బాగుందని, పూర్తయ్యాక అందరూ చదవాలని, ఒక్క వంకా లేకుండా మూడు నిమిషాలు. సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి. బల్లార్‌పూర్‌లో కిరాణా దుకాణం నడిపే మా మేనమామ, "పాపం, గంత ఘోరంగున్నదా?" అన్నాడు. నా భార్య నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. దాంతో ఇంకో రికార్డు పెట్టాల్సి వచ్చింది. ఇన్నాళ్లూ నేను తిట్టినవి మంచివని, మెచ్చుకున్నవి చెత్తవని, ఇక మీదట తూకం మారిందని నా నోటితోనే ఒప్పుకున్నాను. ఓ బేరగాడికి అంతకన్నా దివాలా లేదు. అన్నిటికన్నా అవమానం ఏమిటంటే, ఎవరూ ఆశ్చర్యపోలేదు.

దసరా వెళ్లాక మూడో నోటుబుక్కు తీసుకుని ఆమె తానే వచ్చింది. గద్దె మీద, దిండు పక్కన కూర్చోబెట్టాను. ముసలమ్మ తిరిగి వచ్చింది. గిర్ని ఆరు అధ్యాయాలు తొమ్మిదయ్యాయి. వారం రోజులు మళ్లీ పైకి చదివాను, మళ్లీ దుమ్ము దులపడం ఆగిపోయింది. ఈసారి ఆగలేక ఫోన్ చేశాను. "బాగుంది" అన్నాను, అని నోరు మూసుకున్నాను.

"ఇంకేంది? తప్పులు చెప్పు" అంది.

"షరతు ఉందిగా."

"గది ముందుగాల. ఇప్పుడు ధర తెల్సింది గదా, ఇంక నీ వంకలకు నాకేం భయం? చెప్పు."

నా దగ్గర మూడు వంకలు ఉన్నాయి, నటన లేని వంకలు. బావి దగ్గర రెండు పేజీలు ఒకే సంగతి తిరగేసి చెప్పింది. ఒప్పుకుంది. హంతకుడి కొడుకు మధ్యలో మాయమై చివర్లో ఊడిపడ్డాడు. కాసేపు వాదించి, అదీ ఒప్పుకుంది. మూడోది, పొద్దున్నే ముసలమ్మ రాయిలో పోసే పిడికెడు జొన్నలు. నా తప్పుడు జ్ఞాపకం కథలో ఎక్కి కూర్చుంది.

"అది మీది కాదక్కా, నాది. తీసేయండి. మీరే అన్నారు, రాయి శుభ్రమైతే ఆధారమే పోతుందని."

"రోజు పొద్దుగాల ఒక్కపారే పోస్తది, గిరాకీ గిరాకీకి కాదు. రొట్టె జొన్నలు పట్టిచ్చింది మాపటీలి, పొద్దుగూకంగ. సూస్కో."

చూశాను. నిజమే, సరిపోయింది. అయినా ఊరుకోలేదు. "కథకు అదనపు బరువక్కా."

"పిడికెడే గదా."

"పిడికెడైనా నాది."

"ఉండనీ సేటూ. ముందోళ్ల పిండి తర్వాతోళ్ల దాంట్ల జెర కలుస్తది. ఎంత దులిపినా పోదు."

ఇంకో రెండుసార్లు అడిగాను. అటునుంచి గిర్ని శబ్దం తప్ప జవాబు లేదు. బేరంలో మౌనాన్ని మించిన ఆయుధం లేదని నాకు నాన్న చెప్పాడు, ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు.

"సరే, ఇయ్యి" అన్నాను.

తెల్ల కాగితం ముందు పెట్టుకుని, నా భార్య పక్కన కూర్చుని మరాఠీ అక్షరాల్లోని మాటలు గట్టిగా చదువుతుంటే, మొదటి అధ్యాయం తెలుగు అక్షరాల్లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఆ పిడికెడు జొన్నలు వచ్చాయి. ఒక్క గింజ కూడా తగ్గించకుండా రాశాను.